పామాయిల్ గెలల్లో నీటి తరుగు

ఏలూరు, జూలై 2006, మంగళవారం రాత్రి

రాబోయే తరాల ప్రోగ్రామర్లారా, నన్ను క్షమించండి. మీకు పని లేకుండా చేసేశాను. లాగిన్, డేటాబేస్ కనెక్షన్, తూకం లెక్క, బ్యాకప్, అన్నీ ఒక టూల్‌కిట్‌లో పెట్టేశాం, నేనూ, నాతో పనిచేసే రఫీ. ఇకపై ఏ వ్యాపారి వచ్చినా సర్వర్ ప్రోగ్రాం మొదటి నుంచి రాయక్కర్లేదు. నెల పని ఒక్క పూటలో అయిపోతుంది.

ఈరోజు దానికి పరీక్ష. చింతలపూడి నుంచి పామాయిల్ గెలలు కొనే రాజుగారు వచ్చారు. ఆయన ఒప్పుకుంటేనే టూల్‌కిట్, లేకపోతే పాత పద్ధతేనని మా ఓనరుగారు ముందే చెప్పారు. నేను గంభీరంగా ఉపన్యాసమిచ్చి, ఒక లోడు తూకం కొట్టి చూపించాను. తెరమీద బరువు తగ్గిపోయి, పక్కన ‘నీటి తరుగు’ అని వచ్చింది.

“ఏవండీ, మా గెలలు ఈదుకుంటూ వచ్చాయేంటండీ?” అన్నారు రాజుగారు.

ఇంతవరకూ మేం చేసినవన్నీ కొల్లేరు చేపల వ్యాపారులకే. తడి చేపకి తరుగు తీయడం ఎంత అలవాటంటే, అది లోకమంతటికీ ఉండే లెక్కేననుకుని ఉమ్మడి భాగంలో పెట్టడం జరిగింది.

“ఎవరయ్యా ఇది రాసింది?” అన్నారు ఓనరుగారు.

“మేమేనండీ,” అన్నాడు రఫీ, నావైపు చూడకుండా. టీ వచ్చేలోపు ఆ లెక్కని తీసి చేపల ఫైల్లోకి మార్చేశాడు. రాజుగారు మళ్ళీ బరువు చూసుకుని సరేనన్నారు. టూల్‌కిట్ బతికింది. అందులో ఇంకా ఎక్కడెక్కడ చేపల వాసన మిగిలుందో...

ఒక మాట ఇక్కడైనా రాసుకోవాలి. టూల్‌కిట్ మొత్తం రఫీ రాశాడు. నేను స్వయంగా రాసింది ఆ నీటి తరుగు ఒక్కటే.