నిలబడేవాళ్ళకో బల్ల

వార్డు కౌన్సిలరు గారికి,

కోపంతో రాయునది. మా సందు చివర బస్‌స్టాపులో ఉన్న ఒక్కగానొక్క బల్లని, మీ పేరు రాయించి తెస్తామని మీ మనుషులు ఎత్తుకెళ్ళి నాలుగు నెలలైంది. మీ పేరు మరీ అంత పొడుగా? ఆదినుంచీ మనిషిని మనిషి ఎలా అణగదొక్కుతూ వచ్చాడో, నేను చదివిన ఏడు కరపత్రాల సాయంతో పది పేజీల్లో వివరించి, పదకొండో పేజీలో తేల్చి చెబుతున్నాను: మూడుసార్లు గెలిచారు. ఒకే కొళాయిని మూడుసార్లు ప్రారంభించారు. మూడుసార్లూ గాలే వచ్చింది. ఇక మా సందువాళ్ళం ఊరుకోం. ఎన్నాళ్ళు ఇలా నిలబడాలి? కూర్చునే హక్కు మీ ఒక్కరిదేనా?

ఇట్లు,
రాజీ ఎరుగని
అగ్గిపుల్ల (సందులో పెట్టిన పేరు)

తా.క. జవాబు రాకపోతే పన్నెండో పేజీ కూడా రాస్తాను.

---

చిరంజీవి అగ్గిపుల్లకి,

మీ వార్డు సేవకుడి దీవెనలు. పదకొండు పేజీలూ అందాయి, చివరిది చదివాను. ఎన్ని అర్జీలు చూశాను! అసలు సంగతి ఎప్పుడూ చివరే ఉంటుంది. వచ్చే నెల ఎన్నికల్లో నిలబడతావన్నమాట. నిలబడు నాయనా, ఎవరొద్దన్నారు? నా కుర్చీ మీద కన్నేసినవాళ్ళు నీకంటే ముందు నలుగురున్నారు. ఒక్కడికీ డిపాజిట్ దక్కలేదు. ముందు మీసం రానీ.

ఇట్లు,
మీ సేవకుడు

తా.క. కొళాయి ప్రారంభిస్తానన్నాను గానీ, నీళ్ళొస్తాయని ఎప్పుడన్నాను?

---

కౌన్సిలరు గారికి,

పళ్ళు నూరుతూ రాయునది. నా మీసం జోలికి రాకండి. నిలబడుతున్నది నేనొక్కణ్ణే కాదు, మా నాయనమ్మ కూడా! అరవై ఎనిమిదేళ్ళ మనిషి. దర్జీ షాపులో చొక్కాలకి కాజాలు కుడుతుంది. ఈ వార్డులో ఆవిడ చెయ్యి పడని చొక్కా లేదు, మీ తెల్లచొక్కాలతో సహా. అలాంటి మనిషి మోకాళ్ళు పట్టుకుని రోజూ పొద్దున్నే నలభై నిమిషాలు నిలబడుతోంది. ఆవిడ వెనక ముప్పైమంది. ఆవిడ కూర్చునేదాకా నేను నిద్రపోను.

ఇట్లు,
మరింత రాజుకున్న
అగ్గిపుల్ల

తా.క. అంత కష్టమైతే మీ కుర్చీయే ఇచ్చెయ్యండి. ఆవిడకి సరిపోతుంది.

---

అగ్గిపుల్ల గారికి,

నమస్కారం. తొందరపడకండి బాబూ. రోజూ నలభై నిమిషాలా! నేనే ప్రచారానికి పావుగంట మించి తిరగను. మోకాళ్ళ నొప్పుల మనిషిని ఈ వయసులో నిలబెట్టడం మీకు న్యాయమేనా? ఆవిణ్ణి తప్పుకోమనండి, పార్కు కమిటీకి అధ్యక్షురాలిని చేస్తాను. పార్కు కూడా త్వరలోనే వస్తుంది. ఆ వెనకున్న ముప్పైమంది పేర్లు మాత్రం రాసి పంపండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి

తా.క. ఆవిడ గుర్తేమిటి?

మళ్ళీ తా.క. నాదొక చొక్కా కాజా చిరిగి ఇంట్లో పడుంది. ఇలాంటి పరిస్థితుల్లో ఎవరికివ్వాలో తెలియడం లేదు.

---

కౌన్సిలరు గారికి,

నిప్పులు కక్కుతూ రాయునది. గుర్తు అడిగారు. నల్ల గొడుగు, విరిగిన పిడికి దారం చుట్టి ఉంటుంది, దాన్నే ఊతంగా పట్టుకుని నిలబడుతుంది అని కార్డు ముక్క రాసి పడేశాను. బల్ల తెచ్చేవాళ్ళు ఆవిణ్ణి ఆనవాలు పట్టడానికి అడిగారేమో అనుకుని, ఒక పూటంతా మీమీద కోపం కూడా తగ్గించుకున్నాను!

తీరా నిన్న మీ మైకు బండి వచ్చింది. "గొడుగు ముసలమ్మకి ఓటెయ్యకండి" అని సందు సందునా అరిచింది. "ఎవరా ముసలమ్మ?" అంటూ జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. మాకు కాజాలు కుట్టే పెద్దావిడే అని తెలిసి చప్పట్లు కొట్టారు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "ఎలాగూ నిలబడే ఉన్నాను కదరా, ఆ నామినేషన్ కాగితమేదో ఇచ్చేద్దాం పద" అంది. ఇచ్చేశాం. గుర్తు కూడా గొడుగే దొరికింది.

ఇట్లు,
భగ్గుమన్న
అగ్గిపుల్ల

తా.క. మీ చొక్కా పంపమంది. కాజాకి పార్టీ లేదట.

---

అగ్గిపుల్ల గారికి,

మాజీ నమస్కారాలు. రెండువందల పన్నెండు ఓట్ల తేడా! కారు పోయింది, దాని వెనకే డ్రైవరూ పోయాడు. నిన్న మొదటిసారి మీ బస్‌స్టాపులో ముప్పావుగంట నిలబడ్డాను. ఇంటికొచ్చి కాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ మీ మొదటి ఉత్తరం మొదటి పేజీ చదివాను. బల్లా! బల్లేనా బాబూ మీరడిగింది? నా పాత గోడౌన్‌లో బోర్లా పడుంది. పేరు సగం రాసేసరికి పెయింటరుకి చోటు చాలలేదు. ఇప్పుడు నేను దాన్ని కదిపితే దొంగతనం అంటారు, కౌన్సిలరు సంతకం ఉండాలి. మీ ఇంటి మనిషే కదా, ఒక్క మాట చెప్పండి.

ఇట్లు,
నిలబడి ఉన్న
మీ మాజీ సేవకుడు

తా.క. మిగతా పేజీలు కూడా చదివాను. నాలుగో పేజీ దగ్గర కళ్ళు చెమర్చాయి. ఆరో పేజీ మాత్రం మీకైనా అర్థమైందా?

---

గౌరవనీయులైన వార్డు కౌన్సిలరు గారికి, అనగా నాయనమ్మకి,

పక్కగదిలోంచి రాయునది. నోటితో అడిగితే "ఆఫీసులో అర్జీ పెట్టుకోరా" అన్నావు. పెట్టాను. "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది, కింద కాజా కుట్టినంత పొందిగ్గా నీ సంతకం. రాత్రి అన్నం దగ్గర మళ్ళీ అడిగితే ఏమన్నావు? "బల్ల వేస్తే అందరూ కూర్చుంటారు. కూర్చున్నవాడికి కోపం రాదు. కోపం లేనివాడు ఓటెయ్యడానికి గడప దాటడు. వచ్చే ఎన్నికల ముందు చూద్దాంలే" అన్నావు!

నిన్న నీ కారు మా ముందునుంచే వెళ్ళింది. నేనూ మాజీ గారూ పక్కపక్కన నిలబడి ఉన్నాం. ఆయన చేతిలో ఉన్నది నీ పాత గొడుగే, నేనే ఇచ్చాను. నువ్వు అద్దం దించి చెయ్యి ఊపావు. "చెయ్యి మరీ పైకెత్తుతోంది, భుజం పట్టేస్తుంది" అని ఆయన బాధపడ్డాడు పాపం.

నీ మోకాళ్ళ కోసం పదకొండు పేజీలు రాసినవాణ్ణి. ఆయన మోకాళ్ళ కోసం రాయలేనా? సోమవారంలోగా బల్ల రాకపోతే మేమిద్దరం నిలబడతాం.

ఇట్లు,
నీ మనవడు
అగ్గిపుల్ల

తా.క. ఈసారి నిలబడతామంటే బస్‌స్టాపులో కాదు. గుర్తు: బల్ల.