ఒకే రింగుకు రెండు చెవులు

మంగళవారం, మొయినాబాద్

పొద్దున అమ్మ చేవెళ్ల షేర్ ఆటోలో తాళంచెవి పోగొట్టుకుంది. ఇంటి రెండో చెవి కూడా అదే రింగుకు ఉందట. "ఒక్కకాడుంటే యాదికుంటదనుకున్న బిడ్డా" అంది. నవ్వుకుంటూ తాళం పగలగొట్టించాను.

ల్యాప్‌టాప్ తెరిచాక నవ్వు ఆగిపోయింది. దవాఖానల వాళ్లు మందులు వెతుక్కునే మా కంపెనీ యాప్ డేటాకు రెండు కాపీలు ఉంటాయి, ఒకటి ఆగితే రెండోది పనిచేయాలని. మేం ఆ రెండింటినీ ఒకే డేటా సెంటర్‌లో పెట్టాం! వెంటనే సెట్టింగ్ మార్చి రెండో కాపీని వేరే ఊరి సెంటర్‌కు పంపాను. అది పూర్తిగా చేరేదాకా అన్నం సహించలేదు.

సాయంత్రం మొదటి సెంటర్ మొత్తం ఆగిపోయింది. టీం లీడ్ రమేశన్న కంగారుగా ఫోన్ చేశాడు.

"సెర్చ్ బందయిందా?"

"లేదన్నా, నడుస్తున్నది. రెండో కాపీ వేరే ఊర్ల ఉన్నది."

"బతికించినవ్ పో! ఇగ ఫికర్ లేదు."

ఎంత హాయిగా ఉందో. పొద్దున ఆ చెవులు పోకపోయుంటే ఏమయ్యేదో...

ఇది రాస్తూ తల ఎత్తితే గోడకు కొత్త తాళంచెవులు కనిపించాయి. రెండూ ఒకే రింగుకు ఉన్నాయి. తగిలించింది అమ్మ కాదు, నేనే.