అరవై మూడు వేలిముద్రల పుస్తకం

రికార్డుల విభాగం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,

వాకాడు మండలం, తూర్పు పట్టపుపాలెం అంగన్‌వాడీ కార్యకర్తను, అదే ఊరి బూత్ స్థాయి అధికారిని అయిన పామంజి దుర్గ అను నేను, వయసు 58, వ్రాసుకున్న అర్జీ.

విషయం: కాలం చెల్లిన ఓటర్ల జాబితాలుగా భావించి ఈ నెల 28వ తేదీన మిషన్‌లో వేసి ముక్కలు చేయనున్న కాగితాలలో, ఓటర్ల జాబితా కాని పుస్తకమొకటి ఉన్నందున దానిని ఆపుట మరియు మా అమ్మకు ఒకసారి చూపుట గురించి.

అయ్యా,

1. సదరు పుస్తకం 1920వ సంవత్సరం నాటి 'తీర గ్రామాల స్త్రీల వోటు సంఘం' వారిది. ఆ రోజుల్లో ఆడవారికి ఓటు లేదు. వనజాక్షమ్మ గారనే పంతులమ్మ ఈ సంఘం పెట్టి, పాలెం పాలెం తిరిగి, మాకూ ఓటు కావాలని అర్జీ వ్రాసి, దాని మీద ఆడవారి వేలిముద్రలు వేయించారు. సర్కారుకు ఒక ప్రతి, సంఘానికి ఒక ప్రతి. సర్కారు ప్రతి ఏమయిందో తెలియదు. సంఘం ప్రతి తమరి దగ్గర ఉన్నది.

2. మరుసటి ఏడు ఓటు వచ్చింది. అయితే ఆస్తి ఉన్నవారికే వచ్చింది. పుస్తకంలోని అరవై ముగ్గురికీ నెత్తిన గంప తప్ప వేరే ఆస్తి లేనందువలన ఒక్కరికీ రాలేదు.

3. పదిహేడో పేజీలో "పోలేరమ్మ, భర్త గంగయ్య, వయసు 18, చేపలమ్మకం, తూర్పు పట్టపుపాలెం" అని వ్రాసి, పక్కన ఎడమ బొటనవేలి ముద్ర ఉన్నది. ఈమె మా అమ్మమ్మ. 1941లో, దేశంలో అందరికీ ఓటు రాకముందే, జ్వరంతో చనిపోయింది. అప్పటికి మా అమ్మ చెంచమ్మకు అయిదేళ్ళు. అమ్మమ్మకు ఫోటో లేదు. ముఖం ఎట్లా ఉండేదని అడిగితే, గుర్తులేదు, గంప దించి ఎత్తుకున్నప్పుడు చెయ్యి తడిగా ఉండేదని మాత్రం మా అమ్మ చెబుతుంది.

4. వనజాక్షమ్మ గారి మనవరాలు, కోవూరు వాస్తవ్యురాలు సాయిలక్ష్మి గారు, జనవరిలో ఓటర్ల దినం ప్రదర్శనకు ఈ పుస్తకాన్ని ఇచ్చారు. నేను ఆ రోజు అక్కడ డ్యూటీలో ఉండి, అద్దాల బల్లలో తెరిచి పెట్టిన పదిహేడో పేజీని చూశాను. కొత్త ఓటర్లకు బ్యాడ్జీలు పెట్టవలసినదానను, కాసేపు పెట్టలేకపోయాను. ప్రదర్శన అయిన తర్వాత పుస్తకం తమరి గదికి చేరింది. మార్చిలో సాయిలక్ష్మి గారు కాలం చేశారు. వారికి సంతానం లేదు.

5. ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి మా అమ్మకు చూపాను. ఆమెకు చూపు ఆననందున పెద్దది చేశాను. "మా అమ్మకు అంత లావు వేలు యాడిదిమే? అదెవురిదో" అన్నది. చిన్నది చేస్తే కనపడలేదన్నది. చివరకు, "అసలు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టు, తడిమి చెప్తా" అన్నది.

6. ఇందు నిమిత్తం తమరి కార్యాలయానికి మూడు పర్యాయములు వచ్చాను. గుమాస్తా కిషోర్ బాబు గారు ప్రతిసారీ కూర్చోమని కుర్చీ వేశారు. కాబట్టి వారిపై ఫిర్యాదు లేదు. జరిగిన సంభాషణ మాత్రం మనవి చేస్తున్నాను.

"లిస్టులో ఆమె పేరుందా మేడం?"

"ఉంది సార్."

"ఓటు లిస్టే గదా?"

"ఓటు కావాలని అడిగినోళ్ళ లిస్టు సార్. వీళ్ళలో ఒక్కరు కూడా ఓటరు కాదు. కానందుకే వేలిముద్ర వేసినారు."

ఆయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, అందులో 'ఓటర్ల జాబితా', 'ఇతరములు' అని రెండే గళ్ళున్నాయని, 'ఇతరములు'లో వేస్తే ఇంకా ముందే, 20వ తేదీనే ముక్కలు చేసేవారని, నా మేలు కోరే తాను మొదటి గడిలో వేశానని చెప్పారు.

7. పుస్తకం చూడాలంటే సంఘం అధ్యక్షురాలి నుంచి అనుమతి పత్రం తెమ్మన్నారు. వనజాక్షమ్మ గారు చనిపోయి అరవై ఏళ్ళు దాటిందన్నాను. అయితే కార్యదర్శి దగ్గర తెమ్మన్నారు.

8. పోలేరమ్మ మా అమ్మమ్మే అనడానికి ఆమె ఆధార్ నకలు జతచేయమన్నారు. జతచేయలేకపోతున్నందుకు క్షమించవలెను.

9. ఇది ఫిర్యాదు కాదు, అయినా వ్రాస్తున్నాను. బూత్ అధికారిగా పదమూడేళ్ళలో మా ఊళ్ళో చనిపోయిన నూట పదకొండు మంది పేర్లు జాబితాలోంచి తీయించాను. అందులో నా భర్త పేరు కూడా ఉన్నది. ప్రతి ఫారం మీదా నేనే సంతకం చేశాను. పేరు తీసేయాలంటే ముందు ఎక్కి ఉండాలి గదా అయ్యా. మా అమ్మమ్మ పేరు ఏ జాబితాలోనూ ఎక్కలేదు. ఆమె ఈ భూమ్మీద తిరిగిందని చెప్పే కాగితం ఇదొక్కటే. దాన్ని ఎట్లా ముక్కలు చేస్తారు?

పై వాక్యం ఆవేశంలో వచ్చినది. కొట్టివేస్తే అర్జీ అసహ్యంగా ఉంటుందని ఉంచాను.

కావున తమరు ఈ తొమ్మిది అంశములూ చిత్తగించి, 28వ తేదీ లోపల పుస్తకాన్ని ఆపి, మా అమ్మకు చూపించే ఉత్తర్వు దయచేయించవలెను.

తమ విధేయురాలు,
పామంజి దుర్గ
తేదీ 24

తా.క. ఈ అర్జీ ఇవ్వడానికి ఈ రోజు వస్తే, తమరు రాకెట్ ప్రయోగం బందోబస్తు మీద శ్రీహరికోట వెళ్ళారని తెలిసింది. వద్దన్నా వినక మా అమ్మ కూడా వెంట వచ్చింది. వరండాలో అటెండరు మునెయ్య గారు కట్టల మీద 'ధ్వంసమునకు' అని ముద్ర కొడుతున్నారు. మా పుస్తకం పైనే ఉంది. దానికింకా ముద్ర పడలేదు. అడిగితే, "చూసుకో అవ్వా, చూస్తే అరిగేదేముంది" అని మా అమ్మ ఒళ్ళో పెట్టి మంచినీళ్ళకు పోయినారు. ఆయన తప్పు లేదు.

మా అమ్మ ఆ ముద్రను వేలితో తడిమింది. ఎక్కువసేపు తడిమింది. "చిన్న వేలు. మా అమ్మదే" అన్నది. ఏడవలేదు. పేజీ పైన రాసిన అర్జీ చదవమంటే చదివాను.

"నేను యాభైయేడు నించి ఓటు వేస్తానే ఉండా. ఒక్క తుఫానప్పుడు తప్ప మానలా. అడిగిందేమో మా అమ్మ, వేసింది నేను. ఆ సంగతి ఈడ రాయొద్దా?" అన్నది.

నేను బదులు చెప్పేలోగా స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్ది, పోలేరమ్మ పక్కన ఖాళీలో ముద్ర వేసింది. దాని ఎదురుగా "చెంచమ్మ, పోలేరమ్మ కూతురు, ఓటు వేసినది" అని వ్రాసినది నేను. పెన్ను నాదే.

కనుక ప్రభుత్వ కస్టడీలోని రికార్డును ఇద్దరు ఆడవారు దిద్దినట్లు ఇందుమూలముగా నేనే తమరికి తెలియజేస్తున్నాను. తమరి నోటీసు బోర్డులో నాలుగో షరతు చదివాను. విచారణలో ఉన్న రికార్డును అది తేలేవరకు ధ్వంసం చేయరాదని ఉన్నది. దయచేసి మా ఇద్దరిపై వెంటనే విచారణకు ఆదేశించవలెను. మొదటి ముద్దాయికి తొంభై ఏళ్ళు. తనకేమీ తొందర లేదని, నిదానంగా తేల్చమని మనవి చేయమన్నది.