పదహారో అంకెలో తేడా

ఇబ్రహీంపట్నం,
12 ఆగస్టు 2025.

రత్నాకర్ అన్నకు మెహెక్ సలాం.

వదిన, మీ పాప పూజిత బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ బాగున్నామని రాయడానికి మాత్రం చేతులు రావడం లేదు.

ఆ కోహెడ ప్లాట్ల ఫైలును నువ్వు దిద్దలేదన్నా! ఎవరూ దిద్దలేదు!

మన సర్వే ఆఫీసు పద్ధతి ఎంత గుడ్డిదో చూడు. ఫీల్డులో నీ ల్యాప్‌టాప్ వేసిన లెక్కను ఆఫీసు కంప్యూటర్ మళ్లీ వేస్తుంది. ఒక్క అంకె కలవకపోయినా ‘దిద్దిన ఫైలు’ అని, అంటే ఎవరో అంకెలు మార్చారని, ఎర్రగా చూపిస్తుంది. అది చూసే కదా సలాహుద్దీన్ సార్, హద్దులు జరిపినవ్, ఇగ నడువ్ అని అందరి ముందూ నిన్ను పనిలోంచి పంపించాడు.

నిన్న కొత్త లెక్కల లైబ్రరీని ఎంచే పని నాకు పడింది. సైన్, కొసైన్ విలువలు కట్టే కోడ్ అదే కదా. ఏది వేగమో చూద్దామని నీ కొలతలనే మూడు లైబ్రరీలకు ఇచ్చాను. మూడూ మూడు రకాలుగా చెప్పాయి! తేడా అంతా చివర, పదహారో అంకెలో. నేల మీద అది వెంట్రుక మందంలో లక్షో వంతు కూడా కాదు. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒక లైబ్రరీ, ఆఫీసులో ఉన్నది ఇంకొకటి!

అసలు విలువకు అన్నిటికన్నా దగ్గరి అంకెనే ప్రతిసారీ ఇచ్చే లైబ్రరీ ఒకటుంది. కాస్త నెమ్మది. దాన్ని నీ ల్యాప్‌టాప్, ఆఫీసు కంప్యూటర్ రెండింటిలోనూ పెట్టి నీ కొలతలిస్తే జవాబులు అచ్చు గుద్దినట్టు కలిశాయి. ఇక అదే వాడాలని తేల్చాం.

సార్ చూసి కుర్చీలో కూలబడ్డాడు. గింత అంకెకు మనిషిని దొంగను చేసినమా, గాయన మొహం ఎట్ల చూడాలె అన్నాడు. ఆదివారం బడంగ్‌పేట్‌లో మీ ఇంటికి వచ్చి, నిన్ను తిరిగి పనికి పిలుస్తాడట.

ఇట్లు,
నీ చెల్లెలు
మెహెక్

తా.క.: నిన్ననే తెలిసిందన్నట్టు రాశాను. అబద్ధం. నిన్ను పంపించడానికి రెండు రోజుల ముందే నా ఫైలు కూడా అట్లాగే ఎర్రగా వచ్చింది. నేనేమీ దిద్దలేదు. అయినా నన్నూ దొంగంటారని భయపడి ఆ ఫైలు చెరిపేశాను. వెళ్తూ నువ్వు, చెల్లే, నువ్వన్నా నమ్ముతవా అని అడిగితే తల దించుకున్నాను. సార్‌కు ఈ సంగతి ఇంకా తెలియదు. ఆదివారం ఆయన వచ్చినప్పుడు ఈ ఉత్తరం చూపించన్నా.