బక్క పుల్ల

అక్కకు నమస్కారాలు.

వంతెన పరీక్షకు పదిరోజులే ఉంది. ముప్పైతొమ్మిదేళ్ళ వయసులో డిప్లొమా మీద ఇది నా మూడో దండయాత్ర. ఈసారీ తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తారు. నా జట్టులో ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు కొలతల పిల్ల, ఇంకొకరు జిగురు పిల్ల. నేను వాళ్ళకి బాబాయ్‌ని. ముగ్గురం ఐస్‌క్రీమ్ పుల్లలతో మూరెడు వంతెన కట్టాం. దాని బలం ఇరవై కిలోలని లెక్కగట్టి రాసిచ్చాం. ఇక్కడ ల్యాబ్ కప్పు కారుతోంది, జిగురు ఆరడం లేదు. ఈ ఉత్తరంతో పాటే వంతెన పంపుతున్నాను, నాలుగు రోజులు నీ ఇంట్లో ఉంచు.

నీ తమ్ముడు

తా.క. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. పిల్లిని కూడా.

*

తమ్ముడికి ఆశీస్సులు.

వంతెన క్షేమం. నేను ప్రార్థన చేసుకునే గదిలో కిటికీ పక్కన పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు. కొలతల పిల్ల వచ్చి ఈ ఉదయమే తీసుకెళ్ళింది.

మీ అక్క

తా.క. ఎవరూ అంటే, నేను కాక. మధ్యలో ఒక పుల్ల పాపం బక్కచిక్కి ఉంది. చూస్తూ ఊరుకోలేక దానికి తోడుగా గట్టి పుల్ల ఒకటి కనబడకుండా అంటించాను. థాంక్స్ చెప్పకు, నేనేం పరాయిదాన్నా?

*

అక్కా,

నీ ఉత్తరం పరీక్ష అయ్యాక చేరింది.

ఆ పుల్లని గరుకు కాగితంతో మూడు రోజులు రుద్ది రుద్ది బక్కచిక్కించింది మేమే! వంతెన సరిగ్గా ఇరవై కిలోలకు అక్కడే విరగాలి. రాసిచ్చిన లెక్కకి ఎంత దగ్గరగా విరిగితే అన్ని మార్కులు. ఇరవై పెట్టారు. కిమ్మనలేదు. ముప్పై. నలభై. బరువులే అయిపోయాయి. "ఏమయ్యా, నువ్వు రాసిందేంటి, ఇది చేస్తున్నదేంటి?" అని సారు ఎర్రగీత గీశారు. "బాబాయ్, కాలేజీలో చేరాల్సింది మీరు కాదు, మీ అక్కగారు" అంది కొలతల పిల్ల.

వంతెన విరగలేదని ఏడ్చినవాళ్ళం లోకంలో మేమే అయ్యుంటాం. ముగ్గురం ఫెయిల్. నెలాఖరుకి నా పేరు ఉండదు.

నీ తమ్ముడు

తా.క. జిగురు పిల్ల కోపంతో వంతెన మీదెక్కి కూర్చుంది. ఇంకా కూర్చునే ఉంది.

*

తమ్ముడికి,

నా మంచితనం మీ కొంప ముంచింది. రెండు పూటలుగా అన్నం సహించడం లేదు. మీ ప్రిన్సిపాల్‌గారికి ఉన్నదున్నట్టు రాశాను. పుల్ల అంటించింది నేను, పిల్లలకు తెలియదు అని.

మీ అక్క

తా.క. నమ్మరేమోనని జిగురు సీసా కూడా పార్సెల్ చేశాను.

*

అక్కా!

గోరుచుట్టు మీద రోకటిపోటు. మొన్నటిదాకా లెక్క రానివాళ్ళం, ఇప్పుడు పరాయిచేత్తో కట్టించుకున్న దొంగలం. ముగ్గుర్నీ వరండాలో నిలబెట్టారు. ప్రిన్సిపాల్‌గారి బల్ల మీద నీ సీసా హత్య చేసిన కత్తిలా ఉంది. నా బతుకు ఎటూ ఇంతే, ఆ పిల్లల మొహాలే చూడలేకపోతున్నాను. నీకు దండం పెడతాను, ఇంకెవరికీ ఏమీ రాయకు.

నీ తమ్ముడు

తా.క. ఇంకెవరికైనా రాశావా?

*

తమ్ముడికి,

రాయలేదు. ప్రిన్సిపాల్‌గారే నాకు రాశారు. "అమ్మా, బయటి చెయ్యి పడిన వంతెనకు పెట్టిన పరీక్ష రూలు ప్రకారం చెల్లదు. పరీక్షే చెల్లనప్పుడు ఫెయిలూ చెల్లదు. వాళ్ళకు తెలియదనడానికి మీ ఉత్తరమే సాక్ష్యం. వచ్చే సోమవారానికి కొత్తది కట్టుకు రమ్మనండి."

నీ పేరు ఉంది. ఏడుపు ఆపి పుల్లలు రుద్దండి. విరిగిపోవాలని ప్రార్థించడం ఈ వయసులో కొత్తగా నేర్చుకుంటున్నాను.

మీ అక్క

తా.క. ఈసారి వంతెన ఎక్కడ ఆరబెడుతున్నారో నాకు మాత్రం చెప్పకండి. నా మీద నాకే నమ్మకం లేదు.