గోడ అవతలి టీవీ

జూన్ 2

కేబుల్ వాడు వచ్చాడు. పాత బాక్సు ఇచ్చేస్తే కొత్త హెచ్‌డీ బాక్సు ఫ్రీగా ఇస్తాడట. పైసా అక్కర్లేదన్నాడు. మూడుసార్లు అన్నాడు. రోజూ పొద్దున పాలకేంద్రంలో నా ముందు క్యాన్లు దించేవాళ్ళు కూడా చుక్క నీళ్ళు లేవమ్మా అని మూడుసార్లే అంటారు.

ఇరవయ్యో తేదీ దాకా గడువట. వాడు గేటు దాటకముందే మా ఆయన టీవీ తుడవడం మొదలుపెట్టారు.

జూన్ 3

వీధంతా పెట్టించుకుంటోంది. ఉచితంగా ఇస్తే ఫినాయిలైనా తాగే జనం. టైలరు భార్య పాలు పోస్తూ చెప్పింది, వార్తలు చదివే అమ్మాయి చెవి పోగులో రాయి ఏ రంగో కూడా తెలిసిపోతోందట. ఇంతకీ వార్తేమిటి అని అడిగాను. అది చూడలేదంది.

జూన్ 4, మధ్యాహ్నం

అన్నం తింటూ ఆయన హెచ్‌డీ గురించే. మ్యాచ్ పెడితే గ్రౌండులో గడ్డి పోచ పోచా కనిపిస్తుందట. గడ్డి చూడాలంటే దొడ్లోకి వెళ్ళండి, కోసుకు రమ్మని నెల రోజుల నుంచి చెబుతున్నాను కదా అన్నాను. మజ్జిగ అడిగారు.

జూన్ 5

కేబుల్ వాడికి తెలియని సంగతి ఒకటుంది. మా ఒక్క బాక్సుతో రెండు ఇళ్ళు నడుస్తాయి.

ఇల్లు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ లేచింది. మంచాలు పంచారు, గిన్నెలు పంచారు, దొడ్డి పంచారు. పక్షవాతం వచ్చిన మామగారు మరిది వంతుకి వెళ్ళారు. బాక్సు మా వంతుకి వచ్చింది. దాని వెనక నుంచి ఒక వైరు మా టీవీకి, ఇంకొకటి గోడ బొక్కలోంచి వాళ్ళ టీవీకి. రిమోట్ మా దగ్గర. ఇక్కడ ఏం పెడితే అక్కడా అదే.

కొత్త బాక్సుకి ఆ రెండో వైరు పెట్టే చోటు లేదు. కేబుల్ వాడి చేతిలో ఉన్నదాన్ని తిప్పి చూశాను. పెట్టించుకుంటే వాళ్ళ టీవీ ఆగిపోతుంది. ఆయన ఇంకా గమనించలేదు. తుడుస్తూనే ఉన్నారు.

జూన్ 6

మరిదికీ ఆయనకీ తగువేం లేదు. పొలం గట్టు మీద గంటలు గంటలు మాట్లాడుకుంటారు, మేము చూడటం లేదనుకుని. మాటల్లేనిది నాకూ చిన్నదానికీ. చిన్నదంటే నా తోడికోడలు.

ఎందుకు మాటల్లేవని ఊళ్ళో ఎవరూ అడగరు. అందరూ చూశారు కాబట్టి. మూడేళ్ళ కిందట, క్యూలో ముప్పై మంది నిలబడి ఉండగా, దాని క్యానులో లాక్టోమీటర్ గొట్టం వేసి నీళ్ళు కలిశాయన్నాను. క్యాను వెనక్కి పంపాను. సొంత తోడికోడలి దగ్గర కూడా మొహమాటపడని మనిషి అని సూపర్‌వైజరు నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు.

అది ఒక్క మాట అనలేదు. సెంటరు మెట్ల మీద పాలు పారబోసి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి దాని పాలు రెండు మైళ్ళ అవతల ప్రైవేటు సెంటరుకి పోతున్నాయి. సైకిల్ మీద. వానలో కూడా.

జూన్ 8

సాయంత్రం ఏడింటికి సీరియల్. పనీపాటా లేనివాళ్ళు తీసింది. అందులో పెద్దకోడలు ఆరు నెలలుగా విషం సీసా పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. కాళ్ళు కూడా లాగవు.

చిన్నదానికి అది ప్రాణం. మామగారి మంచం పక్కన కూర్చుని ఆయనకి తినిపిస్తూ చూస్తుంది. ఆ సీరియల్ పాట మొదలైతే గానీ ఆయన నోరు తెరవరట. ఒకప్పుడు ఆ నోటికి ఊరంతా భయపడేది.

మంచి ఘట్టం వచ్చినప్పుడు నేను రిమోట్ నొక్కి వాతావరణ వార్తలు పెడతాను. గోడ అవతల చప్పుడు ఆగిపోతుంది. ఒక్క తిట్టు రాదు. పది లెక్కపెట్టి మళ్ళీ సీరియల్ పెడతాను. ఇది మూడేళ్ళుగా నడుస్తోంది. నేను పది పాసయ్యాను, నలుగురికీ ఫ్యాట్ చూసి చెప్పే ఉద్యోగంలో ఉన్నాను.

జూన్ 11

ఎట్టకేలకు వైరు సంగతి ఆయనకి తట్టింది. ముఖం వాడిపోయింది. కేబుల్ వాణ్ణి పిలిపించారు. వాళ్ళకి ఇంకో బాక్సు ఫ్రీగా ఇస్తావా అని అడిగారు. ఒక డోర్ నంబరుకి ఒకటే అన్నాడు వాడు. గోడ ఉంది కదా అన్నారు ఈయన. గోడ ఉంటే ఏం లాభం, నంబరు ఏదీ అన్నాడు.

వేరే నంబరు కావాలంటే అన్నగా ఈయన ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అది చూపించి వాళ్ళు పంచాయతీ ఆఫీసులో నంబరు రాయించుకోవాలి. ఇప్పుడే పెడతానని ఈయన పెన్ను వెతికారు. అడగనిదే ఎలా పెడతారు, వచ్చి అడగమనండి అన్నాను. తమ్ముడు అడిగాడనుకో అన్నారు. తమ్ముడు కాదు, అది అడగాలి అన్నాను. ఇక్కడికొచ్చి.

కేబుల్ వాడు బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

జూన్ 13

గట్టు మీద అన్న తమ్ముడికి చెప్పాడు. తమ్ముడు పెళ్ళానికి చెప్పాడు. పెళ్ళాం మాట తమ్ముడికి, తమ్ముడి మాట అన్నకి, అన్న మాట నాకు చేరేసరికి చీకటి పడింది.

ఆవిడ గడప నేను తొక్కను అందట చిన్నది. ఆవిడే, అంటే నేనే, ఆ కాగితం తెచ్చి తన చేతిలో పెట్టాలట. లేకపోతే గోడ చూస్తూ కూర్చుంటానని బావగారికి చెప్పు, గోడకి యాడ్స్ ఉండవు, పైగా ఎవరూ ఛానెల్ మార్చలేరు అందట.

ఆయన చెబుతూ చెబుతూ నవ్వారు. నా ముఖం చూసి ఆపారు.

జూన్ 15

అది రాలేదు.

జూన్ 17

దొడ్లో బట్టలు ఆరేస్తూ కనిపించింది. నన్ను చూసి వీపు తిప్పింది. వీపుక్కూడా పొగరుంటుందని దాన్ని చూస్తే తెలుస్తుంది. పది నిమిషాల్లో ఆరేసే బట్టలు అరగంట ఆరేసింది. నేను ఆ అరగంటా అక్కడ ఏం చేశానో నాకు గుర్తు లేదు.

జూన్ 19

రేపటితో గడువు సరి. మనిషన్నాక ఏదో ఒకటి తేల్చాలి. ఈయన పద్దెనిమిది రోజులుగా పెట్టిద్దామా అంటారు, వద్దులే అంటారు, టీవీ తుడుస్తారు. తెర అరిగిపోతుంది.

పెట్టించేయండి అన్నాను. మరి నాన్న సంగతి అన్నారు. గోడ కట్టిన దగ్గర్నుంచి నాన్న మంచం దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళారు అన్నాను. తుడిచే గుడ్డ మడత పెట్టారు. రెండుసార్లు. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అది ఆయన అడగలేదు. అడిగే మనిషయితే ఈ రోజు దాకా వచ్చేదే కాదు.

జూన్ 20, పొద్దున 10

బాక్సు మార్చారు. కేబుల్ వాడు రెండో వైరు గోడలోంచి లాగి చుట్టచుట్టి సంచిలో వేసుకున్నాడు. వాళ్ళకి చెప్పారా అని అడిగాడు. వాళ్ళకే తెలుస్తుంది అన్నాను.

వైరు పోయింది, బొక్క మిగిలింది. వేలు పట్టేంత.

జూన్ 20, సాయంత్రం

హెచ్‌డీలో సీరియల్ చూశాను. పెద్దకోడలి మెడ మీద పౌడరు ఎక్కడ ఆగిపోయిందో గీత గీసినట్టుంది. విషం సీసా మీద గీకేసిన లేబుల్లో దగ్గు మందు అన్న అక్షరాలు సగం చదవొచ్చు. ఆరు నెలలుగా ఈవిడ పట్టుకు నిలబడింది దగ్గు మందన్నమాట.

మంచి ఘట్టంలో వాతావరణం పెట్టాను. పది లెక్కపెట్టాను. ఎవరి కోసం లెక్కపెట్టానో. మళ్ళీ సీరియల్ పెట్టాను.

జూన్ 22

మామగారు రెండు రోజులుగా తినడం లేదట. తమ్ముడు చెప్పాడట. ఏడింటికి గోడ వైపు చూస్తారట, పాట రాకపోయేసరికి పళ్ళు బిగిస్తారట. స్పూను పళ్ళకి కొట్టుకుని వెనక్కి వస్తోందట.

ఆ ఇంట్లో అన్నీ పంచారు గానీ మొండితనం పంచే పని లేకపోయింది. అందరికీ నిండుగా వచ్చింది.

ఆయన కాగితం మీద సంతకం పెట్టేశారు. నన్ను అడగలేదు. ఇచ్చి రండి అన్నాను. తాను ఇస్తే చిన్నది తీసుకోదట, తమ్ముడు అప్పుడే చెప్పాడట. నువ్వే ఇవ్వాలి అన్నారు. కాగితం టీవీ పక్కన పెట్టారు. గాలికి ఎగరకుండా దాని మీద రిమోట్ పెట్టారు.

జూన్ 23, సాయంత్రం 7

గోడ బొక్కలోంచి గొంతు వచ్చింది.

చిన్నది సీరియల్ చెబుతోంది. మామగారికి. మొదట పాట పాడింది, గొంతు బాగోలేదు. తర్వాత కథ. పెద్దకోడలు తలుపు తీసింది మామయ్యా, విషం తెచ్చింది, మీరు నోరు తెరవండి, ఇది విషం కాదు, అన్నమే. స్పూను చప్పుడు. ఆ తెరిచారు, ఇంకొంచెం తెరిస్తే విషం ఎవరికో చెబుతాను అంటోంది.

తప్పులే అన్నీ. అసలు సీరియల్లో పెద్దకోడలు ఇంకా తలుపే తీయలేదు. నా టీవీలో అది జరుగుతూనే ఉంది. సౌండు తగ్గించాను, అది ఎన్ని తప్పులు చెబుతుందో విందామని.

జూన్ 24

నా టీవీ మొత్తం మ్యూట్‌లో పెట్టాను. ఆయన గడ్డి చూసుకుంటున్నారు. నేను బొక్క దగ్గర బియ్యం ఏరాను. ఆ బియ్యం నిన్ననే ఏరాను.

జూన్ 25

కథ చెప్పడం కూడా రాదు దానికి. నిన్న చంపిన మనిషిని ఇవాళ సంతకి పంపింది. మామగారికి పట్టింపు లేదు, తింటున్నారు. సగం నోటితో నవ్వే చప్పుడు కూడా వినిపించింది. ఆ మనిషి నవ్వగా నేను కాపురానికి వచ్చాక విన్నది లేదు.

ఇంకొకటి. పెద్దకోడలికి ఇప్పుడు మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడుతోందట. నడుస్తుంటే క్యాను దొర్లినట్టుంటుందట. ఆ కళ్ళజోడు నాది. నడక నాది కాదు.

జూన్ 26, సాయంత్రం

ఇవాళ దాని కథలో పెద్దకోడలికి చేతిలో గాజు గొట్టం వచ్చింది.

బియ్యం చేట కింద పెట్టాను. పెద్ద క్యూ మామయ్యా అంది, ముప్పై మంది, కాదు కాదు వంద మంది. చిన్నకోడలు అప్పుడే పితికిన పాలు తెచ్చింది, ఆలస్యమైందని పరిగెత్తుకుంటూ వచ్చింది, క్యాను ఒంటికి తగిలితే కాలుతోంది. పెద్దకోడలు గొట్టం వేసింది. ఆ గొట్టంలో ముందే ఏదో పోసుకొచ్చింది మామయ్యా. ఇంట్లో కూర్చుని రాత్రంతా మందు కలిపింది. చిన్నకోడలు అందంగా ఉందని కుళ్ళు. నోరు తెరవండి.

నేను మాట్లాడాను. మూడేళ్ళ తర్వాత దాంతో మొదటి మాట, అదీ గోడతో. గొట్టంలో ఏమీ పొయ్యలేదు అన్నాను.

స్పూను ఆగింది.

గొట్టం మంచిదే అన్నాను. పాలు వేడిగా ఉన్నాయి. వేడి పాలలో గొట్టం ఎక్కువ మునుగుతుంది. నీళ్ళు కలిపినట్టే చూపిస్తుంది. చల్లారాక చూడాలి. చూడలేదు.

నా టీవీలో ఎవరో నోరు మాత్రం ఆడిస్తున్నారు. తర్వాత అది మామగారిని అడిగినట్టు అడిగింది, నన్ను కాదు. ఏం మామయ్యా, ఆ పెద్దకోడలికి ఈ సంగతి ఇప్పుడు తెలిసిందా, అప్పుడే తెలుసా అంది.

వ్యాను హారన్ కొడుతోంది, క్యూ కదలడం లేదు, తొందరలో చూసుకోలేదు. ఈ జవాబు నా దగ్గర మూడేళ్ళుగా తయారుగా ఉంది. సూపర్‌వైజరు మెచ్చుకున్న రోజు నుంచి ఉంది. బాగుంటుంది కూడా.

అప్పుడే తెలుసు అన్నాను.

ఏదో గుడ్డ తెచ్చి బొక్కలో కుక్కింది.

జూన్ 27

మామగారు తినలేదట.

జూన్ 28

కాగితం పట్టుకుని వెళ్ళాను. గడప ఇవతలే నిలబడ్డాను. తీసుకుంది. చదవలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. గిన్నె, స్పూను నా చేతిలో పెట్టి దొడ్లోకి వెళ్ళిపోయింది.

గడప దాటాను. మామగారు పళ్ళు బిగించి చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి. పెద్దకోడలు చచ్చిపోయిందని చెప్పాను.

గిన్నె ఖాళీ చేశారు.