వాగు ఒడ్డున ఏడు బండలు

చౌటుప్పల్,
6 నవంబర్ 2023

ప్రియమైన బిక్షమ్మక్కకు,

తమ్ముడు రజాక్ సలాములు. నీ ఉత్తరం అందింది. రోజూ అరగంట మెత్తటి నేల మీద నడవకపోతే ఆరు నెలల్లో మోకాళ్లు పూర్తిగా బిగుసుకుని మంచాన పడతావని దవాఖానలో చెప్పారని రాశావు. మర్రిగూడ ఫ్లోరైడ్ బోరునీళ్లు నలభై ఏళ్లు తాగావు కదా, అవి ఊరికే పోతాయా, ఎముకల్లో ఇల్లు కట్టుకున్నాయి. మీ ఊళ్లో సిమెంటు రోడ్డు తప్ప మట్టి లేదు. మీ మనవరాలు మల్లిక ఇక్కడే మందుల కంపెనీలో పనిచేస్తూ కిరాయికి ఉంటోంది కాబట్టి, మా దిక్కు వాగు ఒడ్డున చెట్ల కింద నడిచే జాగా ఒకటి చూడమన్నావు.

మూడు రోజులు చూశాను. మొదటి రోజు పెద్ద రోడ్డు వంతెన కింద దిగాను. నీళ్లు నల్లగా ఉన్నాయి, పైన మోకాలెత్తు నురగ. ఒక కుక్క దూపతో వచ్చి, వాసన చూసి, నా ముఖం వైపు ఒకసారి చూసి వెనక్కి పోయింది. నేను కుక్క పాటి తెలివి లేక ఇంకో ఫర్లాంగు నడిచాను. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేసినా మా గులాబ్‌బీ నా కంచం వాకిట్లోనే పెట్టింది. రెండో రోజు తూముల దగ్గర కోళ్ల దుకాణాల సంచులు. పేగులు, ఈకలు, కాళ్లు. కాకులు తిని తిని ఎగరలేక నడుస్తున్నాయి. అంటే అక్కడ నడిచేది అవొక్కటే.

మూడోచోట నేనే ఇరవై ఏళ్ల కింద రాసిన బోర్డు కనిపించింది, ‘ఇక్కడ చెత్త వేయరాదు’ అని. ఎర్ర అక్షరాలు, నల్ల నీడ, బాగా రాశాను. చెత్త సరిగ్గా దాని కిందే ఉంది. బోర్డు ఉన్నచోటే వేయాలనుకున్నారో ఏమో. నా జన్మలో జనం తు.చ. తప్పకుండా పాటించిన బోర్డు ‘కల్లు దొరుకును’ ఒక్కటే.

అయితే చెక్‌డ్యాం దాటి పైకి పోతే ఒక జాగా ఉంది అక్కా. చదునైన గట్టు, కానుగలు, నడుమ వేపలు. నీళ్లల్లో అడుగున ఇసుక కనిపిస్తోంది. పసిపిల్లలైనా నడుస్తారు, మనమైనా నడుస్తాం. కంప కొట్టిస్తాను, దారి చేస్తాను.

నీ తమ్ముడు
రజాక్

*

మర్రిగూడ,
14 నవంబర్ 2023

ప్రియమైన తమ్మికి,

నీ ఉత్తరం అన్నం ముందు పెట్టుకుని చదివాను. తప్పు చేశాను. ఆ పూట పస్తు.

కంప కొట్టించు. కానీ ఒక్క షరతు. వంద అడుగులకొక కూర్చునే బండ ఉండాలి, పీట కంటే ఎత్తుగా. నేను నేల మీద కూలబడితే లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. అంగన్‌వాడీలో ఎంతమంది పిల్లలను ఈ రెండు చేతులతో లేపానో నీకు తెలుసు. ఇప్పుడు నన్ను లేపుతుంటే నలుగురు చూడడం నాకు ఇష్టం లేదు. నువ్వు కూడా చూడొద్దు.

వయోజన బడిలో పలక మీద మనిద్దరం ఒకేరోజు ‘అ’ దిద్దాం. అందుకే ఫోన్ చేయక ఉత్తరం రాస్తున్నాను. నీ రాత బాగుంటుంది, నాది నడుస్తుంది. కాళ్ల కంటే అదే నయం.

నీ అక్క
బిక్షమ్మ

*

చౌటుప్పల్,
2 డిసెంబర్ 2023

ప్రియమైన అక్కకు,

దారి అయింది. మా గల్లీ బీరన్న ట్రాక్టర్ మీద క్వారీలో పడేసిన బండలు ఏడు తెచ్చాడు. కిరాయి ఎంతని అడిగితే, “మా అవ్వగ్గూడ మోకాళ్లే భాయ్, చాయ తాపియ్యి సాలు” అన్నాడు. వంద అడుగులకొకటి, నీడ చూసి వేయించాను. ఒకటోది కానుగ కింద, మూడోది పెద్ద వేప కింద, అట్లా.

ఉత్త బండలు ఉత్తగా వదిలేయొచ్చు. కానీ ఫ్లెక్సీలు వచ్చి నా బ్రష్షును అటకెక్కించి పదిహేనేళ్లు. చెయ్యి ఊరుకోలేదు. సున్నం వేసి, అంచులకు ఎర్ర జాజు పట్టీలు తీసి, నడుమ ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేశాను. దూరం నుంచి చూస్తే మగ్గం మీది చీర అంచులా ఉన్నాయి. గులాబ్‌బీ వచ్చి చూసి, “ఇండ్లకు గూడ గింత మంచిగ ఎయ్యలేదు నువ్వు” అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో పొగడ్తో తిట్టో తేలని మాటలే ఆమెవి.

ఇక రా. ఏ రోజో రాస్తే బస్టాండుకు వస్తాను.

రజాక్

*

మర్రిగూడ,
11 డిసెంబర్ 2023

ప్రియమైన తమ్మికి,

సంతోషం. ఇప్పుడు రాలేను. చలికి కీళ్లు ఇంకా పట్టేస్తున్నాయి. చలి తగ్గనీ. దారి బాగుందనే నమ్ముతున్నాను, దాని గురించి మళ్లీ మళ్లీ రాయకు.

అక్క

*

చౌటుప్పల్,
8 జనవరి 2024

ప్రియమైన అక్కకు,

రాయకు అన్నావు. రాయకపోతే కక్కుతాను, కాబట్టి రాస్తున్నాను.

కాళ్లు వాచి మూడు వారాలు గట్టు వైపు పోలేదు. మొన్న మంగళవారం పోయాను. మూడో బండ మీద నా అంకె లేదు. పసుపు ఉంది, కుంకుమ ఉంది, వెండి కళ్లు రెండు అతికించి ఉన్నాయి. వేపకొమ్మ నిండా గుడ్డపేలికలు. బండ ముందు కోళ్లు కోసిన నెత్తురు, దాని మీద ఈగలు నల్లటి దుప్పటిలా. అక్కడే వండుకుని తిన్న ప్లాస్టిక్ విస్తర్లు, బొక్కలు, సగం తాగిన సీసాలు. చేతులు కడిగిన నూనె వాగు మీద తేలుతోంది. నేను ఇసుక కనిపిస్తోందని నీకు రాసిన నీళ్లు అవే. ఒక విస్తరి మీద కాలు పడి జారాను. కాలి వేళ్ల సందుల్లోకి పాచిపోయిన పులుసు వచ్చింది. ఆ చెప్పులు అక్కడే వదిలి ఉత్త కాళ్లతో వచ్చాను.

అమృతమ్మ అని, కూరగాయలమ్మే ఆమె, అక్కడ పెద్దరికం చేస్తోంది. “ఎవరమ్మా ఈ దేవత?” అన్నాను.

“మోకాళ్ల మైసమ్మ. పడ్డోళ్లను లేపుతది.”

“ఇది నేను కూర్చోడానికి వేసిన బండ.”

“నువ్వు ఏసినవా, ఆమె నీతోని ఏయించుకున్నదా?”

తప్పు నాదే కదా. వేపచెట్టు కింద, సున్నం పూసి, జాజు పట్టీలు తీసి, బండ వేయించిన మొనగాడిని నేను. ఈ జిల్లాలో పుట్టి డెబ్బై ఏళ్లు బతికి, వేప కింద ఆ రెండు రంగులు కలిస్తే ఏమవుతుందో తెలియనివాడిని నేనొక్కడినే.

రజాక్

*

మర్రిగూడ,
17 జనవరి 2024

ప్రియమైన తమ్మికి,

పోనీ. ఎవరి నొప్పి వారిది. వాళ్ల మొక్కు వాళ్లు మొక్కుకుంటారు. నువ్వు ఆ బండను ముట్టకు, ఆ ఆడవాళ్లతో గొడవ పెట్టుకోకు. ఇంకా చలిగానే ఉంది.

అక్క

*

చౌటుప్పల్,
5 ఫిబ్రవరి 2024

ప్రియమైన అక్కకు,

మూడోదాన్ని ముట్టలేదు. మిగతావి కాపాడుకుందామని అయిదో బండకు మా కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు పూశాను. ఎర్ర పట్టీ లేదు, తెల్ల సున్నం లేదు, ఇక దేవత ఎలా అవుతుందో చూస్తాననుకున్నాను. గురువారం పోయేసరికి ఊదుబత్తులు, మల్లెపూల చాదర్, మిఠాయి డబ్బా, డబ్బాకు చీమలు. ఎవరో పీరు సాబ్ అట. “ఇక్కడ ఎవరూ లేరు, కింద మట్టి” అన్నాను. “మీకు తెల్వదు చాచా, శానా పాతది” అన్నాడు ఒకడు. ఆ రంగుకు ఇంకా వాసన పోలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నిన్న బకెట్‌లో నీళ్లు, కొబ్బరి పీచు పట్టుకుని మూడో బండ కడగడానికి బయల్దేరాను. గులాబ్‌బీ గడపలో అడ్డం నిలబడింది.

“నీ పేరు రజాక్. నీ చేతిల పీచు. ముంగట దేవత. ఫోన్లు పట్టుకొని తిరిగెటోళ్లకు ఇంకేం గావాలె?”

బకెట్ దించాను. మా గల్లీలో ఎప్పుడూ ఎవరూ ఏమీ అనుకోలేదు. అనుకునే వీలు నేనే ఇచ్చేవాడిని.

అక్కా, నువ్వు రావద్దు. నడవడానికి ఒక జాగా అడిగావు. జీవితంలో నన్ను నువ్వు అడిగింది అదొక్కటే. ఇప్పుడక్కడ ఈగలున్నాయి. మల్లికతో చెప్పి హైదరాబాద్‌లో ఏదైనా పార్కు చూసుకో. నా ముందు ఇక ఆ వాగు పేరు ఎత్తకు.

రజాక్

*

చౌటుప్పల్, మల్లిక ఇంటి నుంచి,
14 ఫిబ్రవరి 2024

ప్రియమైన తమ్మికి,

నీ గల్లీకి నాలుగు గల్లీల అవతల కూర్చుని ఈ ఉత్తరం రాసి మల్లిక చేతికిచ్చి పంపుతున్నాను. ముందు చదువు, తర్వాత తిట్టు.

దారి అయిందన్న నీ ఉత్తరం అందిన మూడోనాడే నేను వచ్చాను. నీకు చెప్పలేదు. నువ్వు అంత కష్టపడి చేసిన దారిలో మొదటి బండ దగ్గరే పడితే నీ ముఖం ఎలా చూడాలి? మల్లికను తోడు తీసుకుని తెల్లారగానే పోయాను. మొదటి బండ మీద కూర్చున్నాను. రెండో దాని మీద కూర్చున్నాను. మూడో దానికి రెండడుగుల ముందు మోకాళ్లు మడతపడి బోర్లా పడ్డాను. నుదురు నీ సున్నానికి తగిలింది. మల్లిక ఫోన్ మోగిందని వెనకే ఆగింది. నేను కేక వేయలేదు. ఏడ్చాను. తర్వాత బండ అంచు పట్టుకుని, వేపకొమ్మ పట్టుకుని లేచాను. ఏడేళ్ల తర్వాత, ఎవరి చెయ్యీ పట్టకుండా.

మోకాలికి కట్టిన గుడ్డ బురదైతే విప్పి కొమ్మకు వేశాను. తిరిగి చూస్తే గడ్డి కోస్తున్న ఇద్దరు ఆడవాళ్లు కొడవళ్లు ఆపి నిలబడ్డారు. ఒకామె నీ అమృతమ్మ.

“పడ్డవు గద అవ్వా, ఎట్ల లేచినవు?”

నేను సంతోషంతో బండ వైపు చెయ్యి చూపాను. అంతే తమ్మీ. గుడ్డ కూడా అక్కడే మరిచాను. నీ సున్నం, జాజు వల్ల కాదు. దేవతను చేసింది నేను. నీ ఉత్తరాలు వస్తుంటే చలి అని అబద్ధాలు రాశాను. రావద్దని రాశావు చూడు, అప్పుడు ఇక ఆగలేకపోయాను.

నిన్న మంగళవారం పోయాను. నువ్వు తక్కువే రాశావు. ఈకలు నా చీరకు అతుక్కున్నాయి. పదిహేను మంది ఆడవాళ్లున్నారు. నేను నడుచుకుంటూ పోయి, వెండి కళ్లకు దండం పెట్టి, తిరిగి, బండ మీద కూర్చున్నాను.

అమృతమ్మ చంకలో కోడితో ముందుకొచ్చింది.

“అవ్వా, లెవ్వు. అమ్మ మీద గూసున్నవు.”

“నన్ను లేపింది ఈమెనే గద. ఆనాడు నువ్వే సూశినవు. లేపినామె కూసోనియ్యదా?”

“మైల గాదా?”

“ఈ బొక్కలు, ఈ నెత్తురు మైల గాదు, నేను మైల? అమ్మ ముంగట గిట్ల పాడు చేసి మోకాళ్లియ్యమంటే ఎట్లిస్తదే? ఊకె సంకలల్ల కోళ్లు మొయ్యకుంట వంద అడుగులు నడువుండ్రి, ఆమెకు అదే మొక్కు.”

ఎవరో గొణిగారు. కొడతారేమో అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ కూర్చున్నాను కాబట్టి పడే భయం లేదు. అప్పుడు నడుము వంగిపోయిన ఒకామె, గుర్వమ్మ అట, కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను.

“జర జరుగు. నాగ్గూడ మోకాళ్లే” అని నా పక్కన కూలబడింది.

అందరూ మారిపోయారని రాయను, నువ్వు నమ్మవు. ఇద్దరు విస్తర్లు ఏరారు. కొందరు మమ్మల్ని తిట్టుకుంటూ ఇళ్లకు పోయారు. అమృతమ్మ ముఖం తిప్పుకుని, కోడిని నాలుగో బండ దగ్గరికి తీసుకుపోయింది.

రేపు పొద్దున ఏడింటికి గట్టు మీద ఉంటాను. ఈసారి నువ్వు చూస్తుండగానే నడుస్తాను, పడితే పడతాను. మూడు బండల దాకా మనకు జాగా ఉంది. నాలుగో దాని దాకా నడవగలిగిన నాడు దాని మీద కూడా కూర్చుంటాను.

నీ అక్క
బిక్షమ్మ